పడే స్కేలును పట్టుకోవడం రిఫ్లెక్సేనా? తరగతి ప్రయోగాల్లో కలిసిపోతున్న రెండు సంగతులు

ప్రతీకార చర్యల (రిఫ్లెక్సుల) పాఠం రాగానే సైన్సు క్లాసులో ముందుగా బయటికొచ్చేది 30 సెంటీమీటర్ల స్కేలు. ఒకరు పైనుంచి వదులుతారు, ఇంకొకరు రెండు వేళ్ల మధ్య ఒడిసి పట్టుకుంటారు. ఎంత జారిందో చూసి, లెక్క కట్టి, "నా రిఫ్లెక్స్ టైం 0.19 సెకన్లు" అని నోటుబుక్కులో రాసుకుంటారు.

కొలత సరైనదే, పెట్టిన పేరే తప్పు. స్కేలు పట్టుకోవడమంటే కళ్లు చూసి, మెదడు తేల్చుకుని, చేతికి చెప్పి చేయించిన పని. "ప్రతీకార చర్యలో ఆలోచన ఉండదు, వెన్నుపామే జవాబిస్తుంది" అని అదే పాఠంలో చదివిన విద్యార్థి ఈ ప్రయోగం కూడా చేస్తే, రెంటికీ పొంతన కుదరదు. ప్రయోగాన్ని మానేయనక్కర్లేదు. దాని పక్కన అసలైన రిఫ్లెక్సును పెట్టి చూపితే చాలు, రెంటికీ ఉన్న తేడా బయటపడుతుంది.

చిక్కు పేర్లలోనే ఉంది

శరీరం లోపలో బయటో జరిగి, మన నాడులను కదిలించే మార్పు ఉద్దీపన. దానికి శరీరమిచ్చే జవాబు ప్రతిస్పందన. ఇక్కడిదాకా తగువు లేదు. ఒక ఉద్దీపనకు, మన ఇష్టంతో పనిలేకుండా, ముందే ఏర్పడి ఉన్న నాడీ దారి గుండా, దాదాపు ఎప్పుడూ ఒకేలా వచ్చే ప్రతిస్పందన రిఫ్లెక్స్. పుస్తకాలు దీన్నే ప్రతీకార చర్య అంటాయి. వాడుకలో ప్రతీకారమంటే పగ తీర్చుకోవడం కాబట్టి పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, ఆ మాట ఇక మరిచిపోరు. ఆ సంకేతం నడిచే దారి ప్రతీకార చర్యాచాపం.

ఉద్దీపనను గుర్తించి, ఏం చేయాలో నిర్ణయించుకుని, కావాలని చేసేది ఐచ్ఛిక ప్రతిస్పందన. దానికి పట్టే సమయాన్ని ప్రతిస్పందన సమయం అంటారు. స్కేలు కొలిచేది దీన్ని. ఆటగాణ్ని చూసి "ఏం రిఫ్లెక్సులురా!" అని మెచ్చుకునేటప్పుడు కూడా మనం చెబుతున్నది దీని గురించే.

రెంటినీ విడదీయడానికి పిల్లలు అడగదగ్గ ప్రశ్న ఒకటుంది: "వద్దనుకుంటే ఆపగలనా?" స్కేలును పట్టుకోకుండా వదిలేయవచ్చు. మోకాలి చిప్ప కింద తట్టితే కాలు దానంతటదే లేస్తుంది, ఆ మోకాలి కుదుపును ఆపాలని ఎంత పట్టుబట్టినా కాలు కాస్తయినా కదులుతుంది. ఈ పరీక్ష అన్నిచోట్లా గెలవదు, ఎక్కడ ఓడిపోతుందో ముందుముందు చూద్దాం. మొదలుపెట్టడానికి మాత్రం సరిపోతుంది.

మోకాలి దగ్గర అసలు ఏం జరుగుతుంది

విద్యార్థిని ఎత్తైన బల్ల మీద కూర్చోబెడితే కాళ్లు నేలకు తగలకుండా వేలాడాలి. మోకాలిచిప్ప కింది అంచుకూ, ఇంకా కింద ముందు ఎముక మీద చేతికి తగిలే గట్టి బొడిపెకూ మధ్య కాస్త మెత్తగా, సాగదీసిన తాడులా ఉండే చోటు ఉంటుంది. తొడ ముందు కండరాన్ని కాలి ఎముకకు కట్టే స్నాయుబంధం అది. రబ్బరు సుత్తితో గానీ, చేయి చాచి అరచేతి అంచుతో గానీ అక్కడ తేలిగ్గా, చురుగ్గా కొట్టాలి. బలం ముఖ్యం కాదు, చురుకుదనమే ముఖ్యం. మెల్లగా నొక్కితే కండరం మెల్లగా సాగుతుంది, సాగుదలను పసిగట్టే లోపలి గ్రాహకాలు అంతగా స్పందించవు.

సగం క్లాసుకు మొదటిసారి ఏమీ రాకపోవచ్చు. కారణాలు మామూలివే. చిప్ప ఎముక మీద కొట్టి ఉంటారు, పాదం నేలకో బల్ల కాలికో ఆనుతూ ఉంటుంది, మందపాటి బట్ట దెబ్బను మింగేసి ఉంటుంది. అన్నిటికన్నా ఎక్కువగా అడ్డొచ్చేది, దెబ్బ కోసం ఎదురుచూస్తూ విద్యార్థి తొడను బిగబట్టడం. తొడ మీద చేయి వేసి చూస్తే ఆ బిగువు తెలిసిపోతుంది. ఆ చేతిని అక్కడే ఉంచితే ఇంకో లాభముంది: కాలు కంటికి కదలకపోయినా కండరం చటుక్కున బిగుసుకోవడం వేళ్లకు తెలుస్తుంది.

నటనను కూడా పట్టుకోవాలి. కళ్లు మూయించి, కొన్నిసార్లు దెబ్బ తగలకుండానే చేతిని ఆపేయండి. అప్పుడూ కాలు లేచిందంటే అది రిఫ్లెక్స్ కాదు, స్నేహితుణ్ని నిరాశపరచకూడదన్న మంచితనం.

దెబ్బకు స్నాయుబంధం లోపలికి నొక్కుకుని, తొడ ముందు కండరం ఒక్కసారిగా కొద్దిగా సాగుతుంది. కండరంలోని సాగుదల గ్రాహకాల నుంచి కబురు మోసుకెళ్లే జ్ఞాన నాడీకణం దాన్ని నడుము ప్రాంతపు వెన్నుపాము ఖండాలకు చేరుస్తుంది. అక్కడ అది కండరాన్ని కదిలించే చాలక నాడీకణంతో నేరుగా కలుస్తుంది, కబురు అదే కండరానికి తిరిగొస్తుంది, కండరం ముడుచుకుంటుంది, కాలు ముందుకు లేస్తుంది. 1875లో జర్మన్ వైద్యులు విల్హెల్మ్ ఎర్బ్, కార్ల్ వెస్ట్‌ఫాల్ ఎవరికి వారుగా దీన్ని వర్ణించారు.

ఇక్కడ పుస్తకాల బొమ్మతో ఒక తిరకాసు వస్తుంది. చాలా బొమ్మల్లో జ్ఞాన నాడీకణం, ఆ రెంటినీ కలిపే మధ్యస్థ నాడీకణం, చాలక నాడీకణం అని మూడు కనిపిస్తాయి. అది వేడి తగిలి చేయి లాక్కునే చర్యకు సరైన బొమ్మ. మోకాలి కుదుపులో ముడుచుకునే కండరానికి పోయే దారిలో నాడీకణాలు రెండే, అవి కలిసే చోటు, అంటే నాడీ సంధి, ఒక్కటే. మధ్యస్థ నాడీకణం ఈ కథలోనూ ఉంది, కానీ దాని పని వేరు: తొడ వెనుక కండరాన్ని సడలించి, కాలు లేవడానికి అడ్డు లేకుండా చేస్తుంది. మోకాలి ప్రయోగం చేయించి మూడు కణాల బొమ్మ గీయమంటే, పిల్లలు చూసింది ఒకటి, గీసింది ఇంకొకటి అవుతుంది.

ఎంత త్వరగా జరుగుతుందో లెక్క కట్టవచ్చు. తొడ నుంచి వెన్నుపాము దాకా దారి 60 సెంటీమీటర్లు అనుకుందాం. పోయిరావడానికి 1.2 మీటర్లు. ఈ నాడీ తంతువులు శరీరంలో అత్యంత వేగవంతమైన వాటిలో చేరతాయి. సెకనుకు 60 మీటర్ల చొప్పున 1.2 మీటర్లకు 0.02 సెకను, అంటే 20 మిల్లీసెకన్లు. నాడీ సంధి దగ్గర ఆగేది ఒక మిల్లీసెకను లోపే. కండరంలో విద్యుత్ సంకేతం కనిపించే సమయం నిజంగానే ఆ దరిదాపుల్లో ఉంటుంది.

ఫోను కెమెరాతో రెండు తన్నుల పోటీ

20 మిల్లీసెకన్లను స్టాప్‌వాచ్‌తో కొలవలేం, దాని మీట నొక్కే వేలికే అంతకు పది రెట్లు పడుతుంది. సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ ఉన్న ఫోను ఇక్కడ అక్కరకొస్తుంది. ఒక్కో ఫ్రేము 4.17 మిల్లీసెకన్లు. మామూలు వీడియోలో సెకనుకు 30 ఫ్రేములే, ఒక్కోటి 33 మిల్లీసెకన్లు. దానితో ఈ తేడా పట్టుబడదు. ఫోనును పక్కనుంచి, మోకాలి ఎత్తులో, కదలకుండా నిలబెట్టి, మడమ దగ్గర ఒక తెల్ల చుక్క అంటిస్తే ఫ్రేములు లెక్కపెట్టడం తేలిక.

మొదట మామూలుగా మోకాలి కుదుపు తీయాలి. తర్వాత అదే విద్యార్థితో "ఎడమ భుజం మీద తట్టగానే కుడి కాలు తన్ను" అని చెప్పి రెండోది తీయాలి. ఉదాహరణకు, మొదటి వీడియోలో దెబ్బ 112వ ఫ్రేములో పడి, చుక్క 125వ ఫ్రేములో కదిలిందనుకోండి. 13 ఫ్రేములు, దాదాపు 54 మిల్లీసెకన్లు. రెండో దాంట్లో తట్టింది 90లో, కదిలింది 143లో అయితే 53 ఫ్రేములు, 221 మిల్లీసెకన్లు. రెండూ తన్నులే, కదిలింది అదే కాలు. మధ్యలో ఉన్న ఆ 167 మిల్లీసెకన్లు చాలావరకు మెదడు ఖర్చు.

లెక్కలో 20 వచ్చి వీడియోలో 54 ఎందుకు వచ్చిందని ఎవరైనా అడిగితే మంచి ప్రశ్నే. కండరానికి కబురు అందాక కూడా అది బలం పుంజుకోవాలి, ఆ బలం బరువైన కాలిని కదిలించాలి, ఆ కదలిక కెమెరాకు కనిపించేంత పెరగాలి.

స్కేలును సరిగ్గా కొలిస్తే

స్కేలు ప్రయోగానికి దాని విలువ దానికుంది, పేరు మార్చి చేస్తే చాలు. పట్టుకునేవారి ముంజేయి బల్ల అంచున ఆని, బొటనవేలూ చూపుడువేలూ 2 సెంటీమీటర్ల ఎడంగా ఉండాలి. స్కేలు మీది సున్నా గీత బొటనవేలి పైఅంచుతో సమంగా ఉండాలి. వదిలేవారు 2 నుంచి 6 సెకన్ల మధ్య, ఎప్పుడన్నది తెలియనివ్వకుండా వదలాలి. చేతికి అలవాటు కావడానికి మొదటి మూడుసార్లు పక్కన పెట్టి, తర్వాతి పది రాసుకోవాలి.

సమయానికి సూత్రం: దూరాన్ని రెండుతో గుణించి, 980తో భాగించి, వర్గమూలం తీయాలి. దూరం సెంటీమీటర్లలో, జవాబు సెకన్లలో. 10 సెంటీమీటర్లకు 0.143, 15కు 0.175, 20కి 0.202, 25కు 0.226, 30కి 0.247 వస్తాయి. దూరం రెట్టింపైనా సమయం రెట్టింపు కాలేదని పిల్లలే గమనిస్తారు. అందుకే సగటు తీసేటప్పుడు ప్రతి దూరాన్నీ ముందు సమయంగా మార్చుకోవాలి. 9, 25 సెంటీమీటర్లు వచ్చాయనుకుందాం. విడివిడిగా మారిస్తే 0.136, 0.226; సగటు 0.181. దూరాల సగటు 17ను మారిస్తే 0.186. తేడా చిన్నదే, కానీ ఎప్పుడూ ఒకే వైపుకు లాగుతుంది.

అంతకన్నా పెద్ద పొరపాటు, స్కేలు జారిపోయిన సందర్భాలను కొట్టేయడం. చూసి స్పందించడానికి చాలామందికి 0.2 నుంచి 0.25 సెకను పడుతుంది, అంటే స్కేలు దాదాపు చివరికి వస్తుంది. జారిపోయినవి వదిలేస్తే మిగిలేవి వేగంగా పట్టుకున్నవే, సగటు ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది. మీటరు స్కేలో, 50 సెంటీమీటర్ల అట్ట పట్టీయో వాడితే ఈ బెడద ఉండదు. మరోవైపు 5 సెంటీమీటర్ల లోపు పట్టేస్తే అది చూసి పట్టింది కాదు, ఊహించి పట్టింది, 0.1 సెకనులో ఈ పని అవదు. అంతర్జాతీయ పరుగు పందేల్లో తుపాకీ మోగిన 0.1 సెకను లోపు కదిలినవారిని తప్పు ఆరంభం కింద పట్టుకునేది ఇదే లెక్కతో.

మెదడు నిర్ణయం తీసుకుంటోందని చూపడానికి రెండు స్కేళ్లు వాడవచ్చు. రెండు చేతుల పైనా చెరొకటి పెట్టి, ఒకదాన్నే వదలాలి. ఆ చేయి మాత్రమే మూసుకోవాలి. సమయం పెరుగుతుంది, రెండో చేయి కూడా పొరపాటున మూసుకుంటుంది. డచ్ శాస్త్రవేత్త డాండర్స్ 1868లో ఇలాంటి తేడాలనుంచే, ఎంచుకోవడానికి మెదడుకు పట్టే సమయాన్ని లెక్కగట్టాడు. మోకాలికి ఎంపిక లేదు.

చేతుల గొలుసు

20 మంది నేల మీద వలయంగా కూర్చుని, ఒక్కొక్కరు తర్వాతివారి భుజం పట్టుకుంటారు. మొదటివారు ఒక చేత్తో స్టాప్‌వాచ్ నొక్కుతూ ఇంకో చేత్తో పక్కవారి భుజం నొక్కుతారు, తమ భుజానికి నొక్కు తిరిగి రాగానే ఆపుతారు. మొత్తం 4.8 సెకన్లు వస్తే ఒక్కొక్కరికి 0.24. ఇప్పుడు భుజానికి బదులు చీలమండ పట్టుకుని చేస్తే 5.2 వచ్చిందనుకోండి. తేడా ఒక్కొక్కరికి 0.02 సెకను. చీలమండ నుంచి మెదడుకు దారి భుజం నుంచి ఉన్నదానికన్నా ఒక మీటరు ఎక్కువనుకుంటే, నాడీ సంకేతం వేగం సెకనుకు 50 మీటర్లు. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కప్ప నాడి మీద ఇదే కిటుకుతో సెకనుకు సుమారు 27 మీటర్లని తేల్చాడు.

క్లాసులో ఈ లెక్క తరచూ పల్టీ కొడుతుంది, చీలమండే వేగమని వస్తుంది. రెండోసారి చేసేసరికి అందరికీ చేయి తిరగడమే కారణం. భుజం, చీలమండ, చీలమండ, భుజం అనే వరసలో చేసి సగటు తీస్తే ఆ లాభం రెండు వైపులా సమానంగా పడుతుంది.

వేగంగా ఉంటేనే రిఫ్లెక్సా?

"రిఫ్లెక్స్ అంటే వేగం" అని పిల్లలు తేల్చేసుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. దాన్ని విరగ్గొట్టేది కంటిపాప. మసక వెలుతురులో రెండు నిమిషాలు కూర్చుని, పక్కనుంచి చిన్న టార్చి వెలుగును ఒక కంటి మీదికి రెండు క్షణాలు తెస్తే పాప ముడుచుకుంటుంది. రెండు కళ్ల మధ్య ముక్కు మీద అట్ట అడ్డం పెట్టి ఒక కంటికే వెలుగు చూపినా, రెండో కన్ను కూడా ముడుచుకుంటుంది. ఇందులో వెన్నుపాముకు పని లేదు. కబురు దృష్టి నాడి గుండా మధ్య మెదడుకు వెళ్లి, రెండు కళ్లకూ తిరిగొస్తుంది. పాప ముడుచుకోవడం మొదలవడానికి దాదాపు 0.2 సెకను, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. స్కేలు పట్టుకున్నంత సమయం! కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం ఐరిస్‌లోనిది నునుపు కండరం, దాని నడకే నెమ్మది. అయినా ఇది నూటికి నూరు పాళ్లూ రిఫ్లెక్సే. ఎంత వద్దనుకున్నా పాపను ఆపలేం.

దీనికి పూర్తిగా అవతలి కొస లోపలి చెవి నుంచి కంటి కండరాలకు వెళ్లే రిఫ్లెక్స్. అచ్చు కాగితాన్ని చేయి చాపి పట్టుకుని, తలను అడ్డంగా సెకనుకు రెండుసార్ల చొప్పున ఊపుతూ చదవండి. చదవగలరు. ఇప్పుడు తలను కదపకుండా కాగితాన్ని అదే వేగంతో ఊపండి. అక్షరాలు అలుక్కుపోతాయి. తల కదిలినప్పుడు లోపలి చెవి పది మిల్లీసెకన్లలోపే కళ్లను ఎదురు దిక్కుకు తిప్పేస్తుంది. కాగితం కదిలినప్పుడు కళ్లు దాన్ని చూసి వెంటాడాలి, ఆ పని ఎంతో నెమ్మది. కాగితం తప్ప ఇంకేమీ అక్కర్లేని ఈ ప్రయోగం క్లాసుల్లో ఎందుకో అరుదు.

మెదడుకు నిజంగా పాత్ర లేదా?

"మెదడు ప్రమేయం లేదు" అన్న మాట మొదటి మెట్టుగా పరవాలేదు, చివరి మాటగా చెల్లదు. మోకాలి కుదుపు బలహీనంగా ఉన్న విద్యార్థిని రెండు చేతుల వేళ్లనూ కొక్కేల్లా తగిలించి, గట్టిగా ఎడంగా లాగమని చెప్పి, ఆ లాగుతున్న క్షణంలో కొట్టండి. కాలు ఎక్కువగా లేస్తుంది. 19వ శతాబ్దపు హంగేరీ వైద్యుడు ఎర్నో యెండ్రాసిక్ పేరుతో పిలిచే ఉపాయమిది. ధ్యాస మళ్లి బిగువు సడలడం ఇందులో కొంత నిజమే, కానీ అంతే కాదు. చేతుల శ్రమ వెన్నుపాములోని దారిని మరింత సిద్ధంగా ఉంచుతుంది. ఆ సంసిద్ధత ఏ నాడీ మార్గం వల్ల అన్నదాని మీద శాస్త్రవేత్తలకు ఇంకా ఏకాభిప్రాయం లేదు.

వేడి వస్తువు నుంచి చేయి లాక్కోవడమూ అంతే. పట్టుకున్నది విలువైనదైతే పళ్లు బిగించి కింద పెట్టేదాకా ఓర్చుకుంటాం. పైనుంచి మెదడు ఆ రిఫ్లెక్సును అణిచిపెడుతుంది. చేయి లాక్కున్నాకే మంట తెలియడానికీ కారణముంది. మొదటి చురుకును మోసే తంతువులు సెకనుకు 5 నుంచి 30 మీటర్లు నడిస్తే, తర్వాత సలిపే మంటను మోసేవి 2 మీటర్లకు మించవు. దానికి తోడు మెదడుకు దారి వెన్నుపాముకన్నా దూరం.

అందుకే నాడీ శాస్త్రంలో రెండు ధోరణులున్నాయి. ఒక పక్షం రిఫ్లెక్సునూ ఐచ్ఛిక చర్యనూ విడి గదులుగానే ఉంచాలంటుంది: దారులు వేరు, కొలతలు వేరు, వైద్య పరీక్షలో ఆ విభజనే పనికొస్తుంది. రెండో పక్షం అది గీత కాదు, వాలు అంటుంది. మోచేతిని హఠాత్తుగా లాగితే కండరంలో మొదట వచ్చే స్పందన ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. అర క్షణం కూడా కాకుండా, సుమారు 50 నుంచి 100 మిల్లీసెకన్ల మధ్య ఇంకో స్పందన వస్తుంది. "గట్టిగా ఆపు" అని ముందే చెప్పి ఉంచితే అది పెరుగుతుంది, "వదిలేయ్" అంటే తగ్గుతుంది. ఐచ్ఛికం అనుకోవడానికి మరీ తొందర, రిఫ్లెక్స్ అనుకోవడానికి మరీ మాట వినే రకం. బడి పిల్లలకు మొదటి పక్షం సులువు, "ఆపగలనా?" అన్న ప్రశ్నకు తడబడే జవాబులు వచ్చినప్పుడు రెండోదే ఆదుకుంటుంది.

ఆ తడబాటును చూపడానికి కనురెప్ప చాలు. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటును ముఖానికి ఒక అడుగు ముందు నిలువుగా పట్టుకుని, అవతలి నుంచి మెత్తని దూది ఉండను విసిరితే రెప్ప పడుతుంది. ఉండ తగలదని తెలిసినా పడుతుంది. పది, ఇరవైసార్లు విసిరాక కొందరిలో రెప్ప పడటం తగ్గుతుంది, కొందరు పట్టుదలతో ఆపగలుగుతారు. కంటి నల్లగుడ్డుకు ఏదైనా తగిలినప్పుడు పడే రెప్ప అసలైన రిఫ్లెక్స్, పుట్టుకతోనే ఉంటుంది. మీదికొచ్చేదాన్ని చూసి రెప్ప వేయడం పుట్టినప్పుడు ఉండదు, కొన్ని నెలలకు వస్తుంది, దానికి మెదడు పైపొర కావాలి. పైకి రెండూ ఒకే రెప్పపాటు.

క్లాసులో ఎక్కడ ఆగాలి

వేడి వస్తువులు, గొంతులో పుల్ల పెట్టడం, కంటిని తాకడం, కంట్లోకి గాలి ఊదడం, లేజర్ వెలుగు, మిణుకుమిణుకుమనే దీపాలు ఈ పాఠంలోకి రాకూడదు. మిణుకు వెలుగు మూర్ఛ ఉన్నవారికి ప్రమాదం. మోకాలికి గాయమో శస్త్రచికిత్సో అయినవారు ఫ్రేములు లెక్కపెట్టే పని తీసుకోవచ్చు.

ఎన్నిసార్లు కొట్టినా కాలు లేవని విద్యార్థి ప్రతి క్లాసులోనూ ఒకరిద్దరుంటారు. ఆరోగ్యవంతుల్లోనూ ఈ కుదుపు అతి తక్కువగా ఉండవచ్చు. వైద్యులు చూసేది ఒక్క కాలి బలాన్ని కాదు, రెండు కాళ్లకూ మధ్య తేడాను, దానితోపాటు ఇంకా ఎన్నో గుర్తులను. వేళ్ల కొక్కెం ఉపాయం చేయించి, తొడ మీద చేయి వేసి చూసి, అప్పటికీ ఏమీ తెలియకపోతే పట్టికలో ఆ గడిలో "లేదు" అని కాకుండా "కనిపించలేదు" అని రాయించాలి.